గ్రహణం మీద ఉపన్యాసం

పెద్దపల్లి గ్రంథాలయంలో ప్రతి ఆదివారం ఊళ్ళోని ముసలివాళ్ళకు నేను ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఆ వారం గ్రహణం గురించి మంచి మంచి మాటలు ఏరి రాసుకొని వెళ్ళాను. ముందు వరుసలో నేతగాడు ఇస్తారి కళ్ళు మూసుకున్నాడు.

"పండుకోను ఇల్లు లేదా నీకు? లేచి పో," అన్నాను.

"కండ్లు మూసుకొని ఇంటున్న పంతులూ. మగ్గం మీద పోగు తెగితే చెవితోనే పట్టేటోళ్ళం."

"మొద్దులకు చెవులు కూడానా?"

అతడు లేచి వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం ఒక్కరూ రాలేదు. వెతుక్కుంటూ పోతే అందరూ ఇస్తారి మగ్గాల కొట్టంలో ఉన్నారు. దీపం ముందు నూలుండ తిప్పుతూ అతడు గ్రహణం గురించి చెబుతున్నాడు.

నన్ను చూసి కొంచెం పక్కకు జరిగాడు.

"కూసో పంతులూ. పోయిన వారం నువ్వు చెప్పిందే. గిప్పుడు నీక్కూడ సమజైతది."