రాయి కింది పేరు

"అత్తగారి పేరు నోటితో అనకూడని కోడలివి, ఆ పేరు సాలీడుకి తగిలిస్తావా? మార్పించక్కా, ఊళ్ళో తలెత్తుకోలేం!" కాస్పియన్ సముద్రపు గట్టు మీద పక్కింటి కులియాష్ ముందు రౌషాన్ వైపు, తర్వాత ఒంటె పట్టుకున్న ఆమె అత్తగారి వైపు చేతులు తిప్పుతూ అరిచింది.

రౌషాన్ పక్కకు తీసిన రాయి కింద, గవ్వల ఇసుకలో, నల్లటి సాలీడు గుడ్లసంచికి కాపలా కాస్తూ కూర్చుంది. ఇన్నాళ్ళూ ఎవరూ గుర్తించని జాతి అది. గుర్తించి శాస్త్రపత్రికకు రాసింది రౌషాన్ కాబట్టి, పేరు పెట్టే హక్కూ ఆమెదే.

అత్తగారు ఒంటెను వదిలి దగ్గరికొచ్చింది. "నేనేమన్నా పురుగునా పిల్లా?"

"ఇది గూడల్లుకుని ఈగల కోసం కూర్చునే రకం కాదత్తయ్యా. నేల మీద పరిగెత్తి వేటాడుతుంది. ఈ గట్టు దాటితే ఎక్కడా కనబడదు. పట్నం రమ్మని అందరూ ప్రాణం తీసినా కదలని మనిషి నాకింకెవరున్నారు?"

"ఇంతకీ దాని పేరేంటి?"

రౌషాన్ తల వంచుకుంది.

"రాసిన చేతికి లేని జంకు నోటికెందుకే? మీ మామ పోయాక నన్నా పేరుతో పిలిచినవాళ్ళే లేరు. అను."

"ఉల్దాయ్," అంది రౌషాన్, గొంతులోనే.

ముసలమ్మ రాయిని మళ్ళీ ఎలా ఉన్నదో అలాగే మెల్లగా పెట్టి, కులియాష్‌కి ఎదురుగా నిలబడింది.

"గట్టిగా అనవే. ఈవిడకి వినబడలేదు."