గురువారం తలనొప్పి

“ఆరు రోజులు గుండ్రాయిలా ఉంటాను డాక్టరమ్మా. గురువారం ఒక్కనాడే తల పగిలిపోతాది. ఇదేటి ఖర్మ?”

అరుణకుమారికి ఏడవడం ఒక్కటే తక్కువ. ఆవిడకి చరోదా రైల్వే యార్డులో షిఫ్టు డ్యూటీ. మొగుడు ఉదయ్‌కుమార్‌కి స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. సెక్టర్ ఆరులోని క్వార్టర్‌కి ఒకరు తాళం తీసే వేళకి ఇంకొకరు బండెక్కి పోతుంటారు. ఇద్దరికీ కలిసి సెలవు దొరికేది గురువారమే. ఆ ఒక్క రోజూ ఈవిడ చీకటి గదిలో వాంతులతో గడపాలి. మొగుడి పక్కన కూర్చుని తీరిగ్గా ఒక పూట తిని ఎన్నాళ్లయిందో ఆవిడకే గుర్తులేదు.

“దిష్టంటాది మా అత్త,” అంది.

డాక్టర్ శ్రుతి భిలాయిలో పుట్టి పెరిగిన పిల్ల, మాటల్లో హిందీ దొర్లుతుంది. నవ్వి, “దిష్టి కాదు దీదీ, కెమికల్. ఆరు రోజులు టెన్షన్‌తో పరిగెడతారు. ఏడో రోజు ఒక్కసారి సడలిపోగానే నరాల చివర్లనుంచి సీజీఆర్‌పీ అని ఒకటి వస్తుంది. నరాలు దాంతోనే కబురు పంపుకుంటాయి. తలలో రక్తనాళాలు ఉబ్బుతాయి, నొప్పి మొదలు. బస్, అదే మైగ్రేన్,” అంది.

“మరి దాన్ని ఆపలేరేటి?”

“దారిలోనే పట్టేసే ఇంజెక్షన్ ఉంది. నెలకొకటి. అందరికీ ఒకేలా పనిచెయ్యదు. చూద్దాం.”

అరుణకుమారి ఇంజెక్షన్ చేయించుకుంది. మొగుడికి మాత్రం చెప్పలేదు. చెబితే ఆశపడతాడు, పనిచెయ్యకపోతే ఇద్దరూ ఏడవాలి. ఆ ఏడుపేదో తనొక్కతే ఏడిస్తే సరిపోతుందనుకుంది.

ఆ గురువారం మామూలే. ఉదయ్‌కుమార్ పరదాలు లాగాడు, నుదుటికి బామ్ రాశాడు. వంటింట్లో కంచం చప్పుడు కాకుండా ఒక్కడే తిన్నాడు. నొప్పికన్నా అదే ఆవిడని ఎక్కువ బాధపెట్టింది.

మరుసటి గురువారం తెల్లవారుజామున మెలకువ వచ్చింది. భయం భయంగా ట్యూబ్‌లైట్ వేసింది. వెలుగు కళ్లలో పడ్డా ఏమీ కాలేదు. తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఏమీ లేదు! సంతోషం పట్టలేక గోడనే ముద్దు పెట్టుకోబోయి ఆగింది. గబగబా స్నానం చేసి, అతనికి ఇష్టమైన ఆకుపచ్చ చీర కట్టుకుంది. పొద్దున్నుంచి రాత్రిదాకా ఇవాళ మనిషిని వదిలేది లేదు. రెండు గ్లాసుల్లో టీ పోసుకుని, అతను పడుకునే ముందుగదిలోకి వెళ్లింది.

ఉదయ్‌కుమార్ ప్లాంటు బట్టల్లో, బూట్లు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు గడియ తీస్తున్నాడు.

“ఏటండీ! ఈరోజు ఆఫ్ కదా, ఎక్కడికెలతన్నారు?”

అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. చీర చూశాడు, టీ గ్లాసులు చూశాడు. “నొప్పి రాలేదేటి?” అన్నాడు, నమ్మలేనట్టు.

“రాలేదు! ఇసుమంత కూడా లేదు!”

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నాకు తెల్సే అరుణా! నేనింట్లో ఉన్న రోజే నీకది వస్తంది. అందుకే మా ప్లాంటులో కృష్ణమోహన్‌తో ఆఫ్ మార్చుకుని, ఏడాదిపాటు గురువారాలు డ్యూటీకే వస్తానని రాసిచ్చీసేను. చూసేవా, నేను బూట్లు పట్టుకోగానే నీ తలనొప్పి ఎలా ఎలిపోయిందో!”