మావాడికి సరిపోతుందా?

“ముందు ఆ బాల్కనీ తలుపు తీయండి,” అంది పెద్దావిడ, ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు తాగకుండానే పక్కన పెట్టేసి.

పళ్ళ డాక్టరు గబగబా వెళ్ళి గాజు తలుపు పక్కకి లాగాడు. పద్నాలుగో అంతస్తు గాలి ఒక్కసారిగా హాల్లోకి దూసుకొచ్చింది.

“ఈ వ్యూ కోసమేనండీ అందరూ పడి చచ్చేది!” అన్నాడు నవ్వుతూ.

“నేనూ పడి చావడం గురించే చూస్తున్నాను,” అందావిడ.

రెయిలింగ్‌కి అడ్డంగా బిగించిన స్టీలు కడ్డీల మీద కాలు పెట్టి చూసింది. “అచ్చం నిచ్చెనే. మావాడికి నాలుగేళ్ళు. ఉత్త కోతి. మనం అటు తిరిగి ఇటు తిరిగేలోగా పైకెక్కేస్తాడు.”

డాక్టరు నవ్వు మాయమైంది. వెనకాల నిలబడ్డ అతని భార్య, చేతిలోని తాళాలగుత్తిని గట్టిగా బిగించి పట్టుకుంది.

“వల కట్టించొచ్చండీ,” అంది నెమ్మదిగా.

“కట్టిస్తే ఆ వ్యూ కాస్తా పోదూ?”

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోయిన నెల వచ్చినావిడ ఇక్కడిదాకా కూడా రాలేదు. గుమ్మంలోంచే నాలుగు దిక్కులా చూసి, “ఇది ఇల్లు కాదు, షోరూమ్. ఇక్కడ పిల్లలెలా ఉంటారు?” అని వెనక్కి తిరిగింది. ఈసారీ అదే మాట వినాల్సొస్తే ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియదు.

పెద్దావిడ హాల్లోకి వచ్చి తెల్లటి సోఫా వంక చూసింది. దాని మీద కూర్చోలేదు. మోకాళ్ళ మీద నేలకి వంగి, ఆ ఎత్తునుంచి గదంతా కలియజూసింది. గాజు డైనింగ్ టేబుల్ మూల సరిగ్గా ఆవిడ కంటి ముందుకొచ్చింది.

“ఇక్కణ్ణుంచి చూస్తే అన్నీ మూలలే,” అంది లేస్తూ.

“కింద మంచి పార్కుందండీ,” అని డాక్టరు అందుకున్నాడు. “స్విమ్మింగ్ పూల్ ఉంది, జిమ్ ఉంది...”

“మావాడికింకా కండలు పెంచే వయసు రాలేదు బాబూ. వాడి ఈడు పిల్లలెవరైనా ఉన్నారా ఈ అంతస్తులో?”

“ఎదురింట్లో ఇద్దరున్నారనుకుంటా.”

“వాళ్ళ పేర్లు?”

పొద్దస్తమానం జనం చేత నోళ్ళు తెరిపించే మనిషికి ఇప్పుడు నోరు పెగల్లేదు.

“తెలీదండీ,” అని ఒప్పేసుకుంది భార్య. “కనుక్కుంటాను.”

పెద్దావిడ ఆమెని ఓ క్షణం చూసి, పొడుగాటి నడవలోకి నడిచింది. ఈ చివర పెద్ద పడగ్గది. ఆ చివర చిన్నగది.

“మావాడు నిద్రలో ఉలిక్కిపడి లేస్తాడు. లేస్తే చెయ్యందేంత దూరంలో మనిషుండాలి. ఆ గదిలో ఏడిస్తే ఇక్కడికి వినపడుతుందా?”

“అస్సలు వినపడదండీ! అన్నీ సౌండ్‌ప్రూఫ్ గోడలు. గొంతు చించుకుని అరిచినా...” అంటూ, తను ఏమంటున్నాడో అప్పుడు తెలిసి డాక్టరు నాలిక్కరుచుకున్నాడు.

చిన్నగదిలో ఒక్క వస్తువు లేదు. గోడలకి రంగు కూడా వేయలేదు.

“ఇదేం ఇలా వదిలేశారు?”

“ఎప్పట్నుంచో ఇంతేనండీ. సామాన్లు పడేద్దామంటే తను ఒప్పుకోలేదు,” అన్నాడు డాక్టరు. అతని భార్య కిటికీ వైపు తిరిగింది.

పెద్దావిడ భుజాన సంచీ సర్దుకుంది. “ఏమీ అనుకోకండి. ఇల్లు చూడ్డానికి బంగారంలా ఉంది. కానీ బంగారు పళ్ళేనికైనా గోడ చేర్పు కావాలంటారు. మావాడు కాస్త ఆనుకుందామంటే మెత్తటి చోటు ఒక్కటీ కనపడలేదు.”

ఆవిడ బయటికి నడిచి లిఫ్టు బటన్ నొక్కింది. భార్య చెప్పులైనా వేసుకోకుండా వెంటబడింది.

“ఏమేం తీసెయ్యాలో చెప్పండమ్మా. టేబులు తీసేస్తాం. సోఫా తీసేస్తాం. ఆ రెండు గదుల మధ్య గోడలు అడ్డమంటే అన్నీ కొట్టించేస్తాం.”

“ఇల్లంతా ఊడబీకుతావా?”

“ఊడబీకుతాను.”

లిఫ్టు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ అడుగు ముందుకు వేయబోయింది.

“ఆగండి,” అన్నాడు డాక్టరు.

అతను గుమ్మంలో నిలబడి ఒక్కసారి లోపలికి చూసుకున్నాడు. ఆ నేల మీద పరిచిన ప్రతి రాయీ తను స్వయంగా వెళ్ళి ఏరి తెచ్చుకున్నదే. మళ్ళీ ఇటు తిరిగినప్పుడు అతని గొంతులో ఇందాకటి హడావిడి లేదు.

“ఈ ఇల్లు వద్దులెండి. ఇంకోటి చూపిస్తాం. నేల మీద ఇల్లు. పక్కపక్క గదులు, మట్టిలో ఆడుకోడానికి కాస్త చోటు. చిన్నదైనా సరే. మాకు కొంచెం టైమివ్వండి చాలు. ఈలోగా ఇంకెవరికీ మాటివ్వకండి.”

“ఇంత ముచ్చటపడి చేయించుకున్నదాన్ని వద్దంటున్నావా?”

“అవునండీ.”

“ఎక్కడున్నా మావాడు గోడల నిండా గీతలు గీస్తాడు.”

“గీయనీండి.”

లిఫ్టు కాసేపు ఎదురుచూసి, తలుపులు మూసుకుని ఖాళీగా కిందికి వెళ్ళిపోయింది. పెద్దావిడ కదల్లేదు. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

“వల కట్టించండి. ఆ టేబులు మార్చండి. ఈ ఇల్లు చాలు.”

“అంటే?” అంది డాక్టరు భార్య, ఒక్కడుగు ముందుకేసి.

ఆవిడ ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“సోమవారం మా అనాథాశ్రమానికి వచ్చి మీవాణ్ణి తెచ్చుకోండమ్మా.”