లైనుకి ఒక్క బిళ్ళ

"మళ్ళీనా? ఇప్పుడే కదమ్మా వెళ్ళొచ్చావ్!"

సూపర్‌వైజరమ్మ చెయ్యి చాపి, మేకుకి వేలాడుతున్న చెక్క బిళ్ళని అరచేత్తో మూసేసింది. ఆ బిళ్ళ చేతిలో ఉంటేనే బాత్రూంకి దారి. చొక్కాల ఫ్యాక్టరీలో ఆ కుట్టు లైను మొత్తానికి అదొక్కటే. ఒకరు తిరిగొచ్చి మేకుకి తగిలిస్తేగానీ ఇంకొకరు మిషన్ దగ్గర్నుంచి లేవకూడదు.

జేబులామె నడుము పట్టుకుని నిలబడింది. చొక్కాలకి జేబులు కుట్టడం ఆమె పని. ఆ లైనులో ఎవరు ఏది కుడితే అదే వాళ్ళ పేరు. పొద్దుట్నుంచి ఎడమ డొక్కలో ఎవరో మెలిపెట్టి పిండుతున్నట్టుంది.

"కిడ్నీలో రాళ్ళు మేడం. నీళ్ళు బాగా తాగమన్నారు. తాగితే వెళ్ళాలి కదా!"

"అయితే తాగకు."

"తాగకపోవడం వల్లే వచ్చాయంట."

"పూటకి లైనుకి ఇన్నిసార్లని లెక్కుంది. అన్నీ నువ్వే వాడేసుకుంటే మిగతావాళ్ళ గతేంటి? పోనీ నొప్పని సెలవు పెడతావా, నీ మిషన్ మీద ఇంకో మనిషి కూర్చుంటుంది. నా పైన కూడా అరిచేవాళ్ళున్నారమ్మా." ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. కోప్పడే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తాగితే పని పోతుంది, తాగకపోతే ప్రాణం పోతుంది. జేబులామె కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి మిషన్ ముందు కూలబడింది.

భోజనాల దగ్గర లైనంతా ఆమె మీద సలహాలు కుమ్మరించింది.

"టమాటాలు మానెయ్యి. ఆ గింజలే రాళ్ళవుతాయి," అంది గుండీల వదిన.

"పాలు కూడా మానాలంట అక్కా, సున్నం ఉంటుందంట," అంది చేతుల పిల్ల. చొక్కాకి చేతులు అతికేది ఆమే.

"అవన్నీ అడిగాను. డాక్టరమ్మ నవ్వింది. పాలూ పెరుగూ మానొద్దంది, ఉప్పు తగ్గించమంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పెంకు కడుతుందే, అలాంటిదేనంట. ఈ ఉక్కలో చెమటలు కక్కుతూ నీళ్ళు తాగకపోతే, మూత్రం చిక్కబడి అందులో ఉప్పులు గడ్డ కడతాయంట. తేటగా వచ్చేదాకా తాగుతూనే ఉండాలంట. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వస్తాయంట కూడా."

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలిగా! బిళ్ళ ఎవరిస్తారో చెప్పిందా మీ డాక్టరమ్మ?" అంది కాలర్ పెద్దమ్మ. లైనులో అందరికన్నా పెద్దది ఆవిడే. పెద్దమ్మ టిఫిన్ డబ్బా మూత పెట్టి, మిగతావాళ్ళ వంక ఒకసారి చూసి లేచింది.

మర్నాటి నుంచి ఏం మాయ జరిగిందో గానీ, జేబులామె ఎప్పుడు తలెత్తి చూసినా బిళ్ళ మేకుకే ఉంది. వెళ్తానంటే సూపర్‌వైజరమ్మ మారు మాట్లాడకుండా తలూపింది. ఆ రోజే కాదు, ఆ వారమే కాదు, ఎండాకాలం పొడుగునా అంతే.

"మీ మేలు మర్చిపోలేను మేడం," అంది ఒకరోజు, ఉండబట్టలేక.

"నేనేం చేశాను? లెక్క అదే, బిళ్ళ అదే. అడిగేవాళ్ళు లేక వేలాడుతోంది. వెళ్ళు, అక్కడ జేబులు పేరుకుపోతున్నాయి."

పైకి అలా అంటుంది గానీ మనసు వెన్న, అనుకుంది జేబులామె. తన సీసాలో చల్లటి నీళ్ళు గుండీల వదినకి అందించింది.

"దాహం లేదే, నువ్వు తాగు," అంది వదిన. ఆమె పెదాలు పగిలి ఉన్నాయి. ఎండలకి కాబోలు.

వానలు మొదలయ్యాక, సెలవు రోజు చూసుకుని మళ్ళీ పరీక్ష చేయించుకుంది. డాక్టరమ్మ స్కానింగ్ బొమ్మని వెలుతురుకి పట్టుకుని చూసింది.

"రాళ్ళు పడిపోయాయి. కానీ నీళ్ళు ఆపారంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది." ఆమె కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. "మీరొక్కరే మాట విన్నది. మిగతావాళ్ళంతా నీళ్ళు తాగమంటే ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తారు."

ఎన్నాళ్ళకో ఒళ్ళు తేలికైంది. ఈ కబురు రేపు లైనులో అందరికీ చెప్పాలి, ముందు సూపర్‌వైజరమ్మకి దణ్ణం పెట్టాలి అనుకుంటూ జేబులామె తలుపు తీసి బయటికొచ్చింది.

ఎదురుగా బెంచీ మీద కాలర్ పెద్దమ్మ నడుము పట్టుకుని ముందుకి వంగి కూర్చుంది. పక్కన చేతుల పిల్ల, పొట్ట నొక్కుకుంటూ. ఆ పిల్ల భుజం మీద తల వాల్చి గుండీల వదిన. జేబొక్కటే తక్కువ, చొక్కా మొత్తం అక్కడే ఉంది.

జేబులామె గబగబా వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. "పెద్దమ్మా! ఇన్నాళ్ళూ మీరెవరూ... వెళ్ళనే లేదా?"

"తాగితే కదే వెళ్ళడానికి! సర్లే, నీకు పడిపోయాయా?"

జేబులామె తలూపింది.

"హమ్మయ్య," అంది కాలర్ పెద్దమ్మ, నొప్పికి కళ్ళు మూసుకుని. "అయితే రేపట్నుంచి నువ్వు తాగడం ఆపెయ్యవే. ఆ బిళ్ళ మాక్కావాలి."