ఎడం చేతి గాజులు

"ఆ చేతివి పగలగొట్టకండి అత్తయ్యగారూ. అవి నావి కావు," అంది లక్ష్మీకాంతం.

రాయెత్తిన మాణిక్యమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆవిడ నాగాయలంక నుంచి వచ్చిన పెద్దత్తగారు. లక్ష్మీకాంతం భర్త పోయి అది పదో రోజు. కాలవ రేవులో ఆమె కుడిచేతి గాజులు అప్పటికే ముక్కలై పడున్నాయి.

"నీ చేతికుంటే మరెవరివే?"

"మా సుభాషిణివి."

పక్కనే నిలబడ్డ కూతురు సుభాషిణి ఓణీ చెంగు ఇంకాస్త కిందికి లాక్కుంది. పుట్టుకతోనే ఆ పిల్లకి ఎడం మోచేతి కింద చెయ్యి లేదు.

"ఆయన ఏటా బందరు నుంచి ఒకే రంగువి ఆరు చిన్నవి, ఆరు పెద్దవి తెచ్చేవారండీ. చిన్నవి దాని కుడిచేతికి, పెద్దవి నా ఎడం చేతికి. 'నీ ఎడం చెయ్యి అమ్మ దగ్గరుందిలే' అని దాన్ని ఊరుకోబెట్టేవారు."

మాణిక్యమ్మ తన బోసి చేతుల వంక చూసుకుని, రాయి కింద పెట్టింది.

"ఉంచడానికి మాత్రం లేదమ్మా," అని సుభాషిణి వైపు తిరిగింది. "అవి నీవే కాబట్టి నువ్వే తీసుకో తల్లీ, పగలకుండా."

సుభాషిణి మెట్టు మీద కూర్చుని, అమ్మ చేతిని నీళ్ళతో తడిపి, ఒక్క చేత్తోనే ఒక్కో గాజూ జారుస్తూ తీసింది. ఆరూ ఒళ్ళోకి వచ్చాయి. ఒక్కటీ చిట్లలేదు.

తీరా తలెత్తి అమ్మ చేతిని చూసింది. తనకి ఎడం చెయ్యి లేదని అప్పుడే తెలిసినట్టు బావురుమంది.

లక్ష్మీకాంతం ఆ బోసి చేతినే ఓణీ కిందికి పోనిచ్చి, కూతురి మోచేతిని గట్టిగా పట్టుకుంది.

"గాజులే కదే తీసుకున్నావు. చెయ్యి నీదే."