చెంచమ్మ బతికుందని సాక్షి

“చచ్చినానా? నేనా? మళ్ళీ చదువు టీచరమ్మా, ఊరంతా వినబడేట్టు చదువు!”

ఓటర్ల నమోదు పని మీద బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న ఏంజెలిన్ టీచరు ఓటర్ల జాబితా మీద వేలు పెట్టి ఇంకోసారి చూసింది. నాలుగు వందల పన్నెండు: చెంచమ్మ, భర్త ముత్యాలయ్య. నాలుగు వందల పదమూడు: చెంచమ్మ, భర్త రమణయ్య. పదమూడు మీద అడ్డంగా గీత ఉంది. పక్కన ‘మరణం’ అని రాసి ఉంది.

అన్నదమ్ముల పెళ్ళాలిద్దరిదీ ఒకే పేరు కావడంతో ఊళ్ళో ముత్యాలయ్య పెళ్ళాన్ని పెద్ద చెంచమ్మ, రమణయ్య పెళ్ళాన్ని చిన్న చెంచమ్మ అంటారు. ఇప్పుడు బల్ల ముందు అరుస్తున్నది చిన్న చెంచమ్మ. ఇంటికి నడిమిగోడ కట్టి పంచుకున్నారు గానీ ఇంటి నంబరు ఒకటే. ఉప్పుచేపలు ఎండబెట్టే ఇసుక దిబ్బ దగ్గర మొదలైన తగవు తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది. ఇప్పుడు వార్డు మెంబరుగా ఒకరి మీద ఒకరు నిలబడదామనుకుంటున్నారు. జాబితాలో పేరు లేకపోతే నామినేషను వేయడానికి లేదు. పేర్ల నమోదుకు ఈ రోజే ఆఖరు.

“నువ్వు పోయినావని ఎవురో కాగితం పెట్టినారక్కా,” అంది ఏంజెలిన్. “అప్పుడు నేను సెలవులో ఉండా. నా బదులొచ్చినాయన ఇంటికొచ్చి చూడకుండానే కొట్టేసినాడు. ఆ కాగితం ఫొటో పంపమని ఇప్పుడే మండలాఫీసుకు చెప్పినా.”

“ఎవురో ఏంది? నాకు తెలీదా?” చిన్న చెంచమ్మ మెట్ల వైపు తిరిగింది. అక్కడ నలుగురు ఆడవాళ్ళతో పాటు పెద్ద చెంచమ్మ నిలబడి ఉంది. “ఓడిపోతానని భయపడి నన్ను పాడె ఎక్కించింది. నీ చేతులు పడిపోను!”

“నోరు అదుపులో పెట్టుకో మే. నేను పెట్టలా. గంగమ్మ మీద ఒట్టు.”

“నీ ఒట్టు గట్టున పెట్టు!”

చిన్న చెంచమ్మ మెట్ల మీద పేరుకున్న ఇసుక పిడికెడు తీసి తోడికోడలి మొహాన కొట్టింది. ఆడవాళ్ళు అడ్డం పడ్డారు. పెద్ద చెంచమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తిరిగి చెయ్యెత్తలేదు.

“అరిచి లాభం లేదక్కా,” అంది ఏంజెలిన్. “ఇప్పుడే మళ్ళీ నమోదు చేస్తా. మీ ఇంటి నంబరులో ఓటున్న వాళ్ళెవురైనా సాక్షి సంతకం పెట్టాల. మీ ఆయన ఏడీ?”

“అన్నా తమ్ముడూ ఒకే పడవలో వేటకు పోయినారు. రేపు గానీ రారు.” చిన్న చెంచమ్మ బల్ల మీద చెయ్యి చరిచింది. “దోమల మందు కొట్టేటోడు గోడ మీద నమోదు చేస్తాడు. టీకాలకి నమోదు, పడవకి నమోదు. ఎదురుగా నిలబడి అరిచే మనిషికి మళ్ళా నమోదేంది?”

“పేరు రాసుకుంటే సరిపోదక్కా. ఈ మనిషి ఉండాదని ఇంకో మనిషి ఒప్పుకోవాల.”

ఆ ఇంటి నంబరులో ఓటుండి ఊళ్ళో ఉన్న మనిషి ఒక్కతే. పెద్ద చెంచమ్మ మెట్లెక్కి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“సంతకం ఎక్కడ పెట్టాల?”

“దాని సంతకం నాకొద్దు!”

“నీ మీద ప్రేమతో కాదు మే. పోటీ లేకుండా గెలిస్తే నాకు నామర్దా. నిలబడు, ఓడిపో.” ఒక్కో అక్షరం పేర్చినట్టు రాసి కలం బల్ల మీద పెట్టింది. “బతికే ఉండాది టీచరమ్మా. తొమ్మిదేళ్ళుగా గోడ అవతల దాని అరుపులు వింటానే ఉండా.”

ఎవరో కిసుక్కున నవ్వారు. చిన్న చెంచమ్మ ఏంజెలిన్ చేతిలోంచి నమోదు రసీదు లాక్కుంది. థాంక్స్ చెప్పలేదు సరిగదా, తోడికోడలి వైపు చూడనైనా లేదు.

అప్పుడే ఏంజెలిన్ ఫోనుకు మండలాఫీసు నుంచి ఆ కాగితం ఫొటో వచ్చింది. తెరిచి చూసి, ఆమె టక్కున మూసేసింది. “పోనీలే అక్కా. నమోదు అయిపోయింది గదా, ఇంటికి పో.”

“దాన్ని కాపాడతా ఉండావా? అందరి ముందరా చదువు!”

“చదువు టీచరమ్మా,” అంది పెద్ద చెంచమ్మ. “నా మీద నింద పోవాల.”

ఏంజెలిన్ ఫోను మళ్ళీ తెరిచింది. “‘వరుస సంఖ్య నాలుగు వందల పదమూడు. చెంచమ్మ, భర్త ముత్యాలయ్య. చనిపోయినందున పేరు తీసేయగలరు.’”

“ముత్యాలయ్య మా ఆయన గదా!” పెద్ద చెంచమ్మ బల్ల పట్టుకుంది. “అంటే కొట్టేయమన్నది నా పేరా? నంబరు తప్పేసినారా?”

“చాల్లే, ఇంక ఆపు,” అంది చిన్న చెంచమ్మ.

“సంతకం ఎవురిది?”

ఏంజెలిన్ తలెత్తకుండా చదివింది.

“చెంచమ్మ, భర్త రమణయ్య.”