శుభలేఖ నడుము నొప్పి

శుభలేఖలో పెళ్లికొడుకు బొమ్మ కుర్చీలోంచి లేస్తూ నడుము పట్టుకుని, ఎడమ కన్ను మూసి "అబ్బా" అంది. పెళ్లికి నడుం కట్టిన ఆడపెళ్లివారు అది చూసి వెనక్కి నడిచారు.

"కుర్రోడికి నడుం లేదని దాచీసినారు. పెళ్లి ఆపీండి," అన్నాడు పెళ్లికూతురు మేనమామ సన్యాసినాయుడు.

బొబ్బిలిలో కదలని బొమ్మ కనిపించి పాతికేళ్లయింది. సబ్బు కాగితం మొదలు బడి గోడ దాకా అన్నీ పైడిరాజు ఒక్కడే గీసి నడిపించినవే. ఈ పెళ్లి ఆగితే అతని బొమ్మలకీ, బతుక్కీ ఒకేసారి నడక ఆగుతుంది. అందుకే పరుగున వచ్చి, అందరి మధ్యా కుర్చీలో కూలబడ్డాడు.

"నాయుడు బావూ, ముందు నేను అద్దం ముందు లేచి చూసుకుని, ఆ లేవడమే బొమ్మకి గీస్తాను. ఆ నొప్పి నాది."

"ఏదీ, ఓపాలి లెగు."

పైడిరాజు లేచాడు. నడుము మీద చెయ్యి, మూసిన ఎడమ కన్ను, "అబ్బా". అచ్చం శుభలేఖే.

సన్యాసినాయుడు నవ్వాపుకోలేక తాంబూలం పళ్లెం అందుకున్నాడు. పెళ్లికూతురు నాయనమ్మ మాత్రం నవ్వలేదు.

"మా పళ్లపొడి డబ్బా మీద ఎలుగుబంటికి నెల్లాళ్లై నొప్పుల మందు రాస్తన్నాను. అదీ నీ నడుమేనేట్రా?"